రిపేరు పద్దు

పందొమ్మిది వందల పన్నెండు, చిట్టాలో మొదటి పుట:
మోటారు బండి ఒకటి. ఇత్తడి లాంతర్లు రెండు.
రబ్బరు బూర ఒకటి.
పరదాలకు ఊదారంగు మఖమలు, పదకొండు గజాలు.

జమీందార్ల వ్యాజ్యాలు వాదించీ వాదించీ
ఫీజుతో పాటు వాళ్ళ ఘోషాను కూడా
ఇంటికి తెచ్చుకున్నాడు మా ముత్తాత కన్నయ్యనాయుడు.
తంబుశెట్టి వీధిలో బండి
అరుగుని ఆనుకుని నిలబడేది.
ముత్తవ్వ తులసింగమ్మ రెండే అడుగుల్లో
వెలుతురు దాటి చీకట్లోకి ఎక్కేది.
వీధికి దక్కింది ఒక మడమ, కాస్త పసుపు.

ప్రతి శుక్రవారం మైలాపూరు, ఆడబిడ్డ ఇంటికి.
ఊరంతా ఆమెకు ముక్కుతోనే తెలుసు:
హార్బరు దగ్గర తడిసిన తోళ్ళ మూటలు,
కోట దగ్గర గుర్రాల లద్దె,
కూవం వంతెన మీద ముక్కుకి కొంగు,
ఆ తర్వాత ఉప్పు.

ఉప్పు దగ్గరే బండి మొరాయించడం మొదలెట్టింది.

నా మాట కాదు, ఆయన చేతిరాతే చూడండి.
"సముద్రం ఎదుట ఇంజను కాగినది. నీళ్ళు రెండు బొక్కెనలు, అణా."
"మరల కాగినది. అదే చోట."
"మౌంటు రోడ్డు దొర విప్పి చూచి లోపము లేదనెను. రూపాయలు నాలుగు."
"కాగినది."
"కాగినది."
కార్తీకం ముసురులో, రోడ్డు మీద నీళ్ళు పారుతుండగా,
"కాగినది."

కళ్ళెం వదిలి చక్రం పట్టిన పాత బండివాడు మునెయ్య.
రేకు మూత ఎత్తి తల లోపల పెట్టేవాడట.
పావుగంట దాకా వెనక్కి తిరిగేవాడు కాదట.

యుద్ధంలో పెట్రోలు దొరక్క బండి అమ్మేశారు.
వకీలు కదా, దాచకుండా రాసిచ్చాడు:
"సముద్రం వద్ద కాగు గుణము కలదు."
కొన్నాయన నవ్వి, పరదాలు మాత్రం వద్దన్నాడు.

అవి కుట్టుమిషను మీద ముసుగులయ్యాయి,
హార్మోనియం కింద మెత్తలయ్యాయి.
ఒక్కటి మిగిలి నా దాకా వచ్చింది.
మైలాపూరు పోయేటప్పుడు ఎడమ పక్కది.
కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా
కొప్పుసూదితో పొడిచిన చిల్లు.

చిల్లు అంచు పీచులు లేవకుండా
చుట్టూ ఎవరో కుట్టారు.
ముత్తవ్వ కుట్టు నాకు తెలుసు, ఆమె రవికలు చూశాను,
సన్నగా, చీమల బారులా ఉంటుంది.
ఇది అది కాదు.
మైనం పట్టించిన మోటు దారం,
జంట ముడి.
గుర్రపు జీనుకి వేసే కుట్టు.