పలికితేనే పలక

మార్కాపురం ఆసుపత్రి. కరెంటు పోయింది,
ఫ్యాను రెక్కలు ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నాయి.
నాగూర్బీ పడుకోదు.
దిండు పొట్టకు హత్తుకుని, ముందుకు వంగి
"పండుకుంటే మునిగినట్టుంటాదమ్మా" అంటుంది.
ముప్పై ఏళ్లు పలకల షెడ్డులో అంచులు చెక్కిన మనిషి,
గోళ్ల కింద బూడిద రంగు
ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదట.

టార్చి మెడ పక్కన పెట్టాను.
కూర్చున్నా దిగని నరం,
దవడ దాకా ఉబ్బి,
గుండ్లకమ్మ నిండినప్పుడు
వెనక్కి ఎగదన్నిన పిల్లకాలువలా.

బీపీ చెప్పుకోడానికి లేదు.
మణికట్టు పట్టుకున్నాను.
ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి
వేళ్ల కింద నుంచి తప్పుకుంటుంది
బాకీవాణ్ణి చూసి తలుపు చాటుకు పోయినట్టు.
వదిలినప్పుడు
మళ్లీ తొంగిచూస్తుంది.

స్టెతస్కోపులో
పక్కింట్లో తలుపులేసుకుని
ఎవరో పిండి దంచుతున్న చప్పుడు.
అనుమానమొచ్చి నా గుండె మీద పెట్టుకున్నాను.
నాది మోగుతోంది, సిగ్గు లేకుండా.

ఎడమ రెక్క ఎముక కింద
మధ్యవేలు ఆనించి, వేలితో కొట్టాను.
మొద్దు.
ఇంకాస్త కింద.
మొద్దు.

"ఏందమ్మో, రాయి తట్టి చూస్తండావా?"
నవ్వబోయింది, దగ్గొచ్చింది.
"మేమూ అంతే. గనిలోంచి రాంగానే
సుత్తి పిడితో ఒక్కటేస్తాం.
మంచిదైతే ఖంగుమంటాది.
నీరు పట్టిందనుకో, ఊరకుంటాది.
పలికితేనే గదా పలక."
ఆగి, ఊపిరి అందుకుని,
"నాకు పట్టిందా?"

పరీక్షల కోసం బట్టీ పట్టిన
తెల్లదొరల పేర్లన్నీ గుర్తొచ్చాయి,
గుర్తుకో దొర.
వాళ్లలో ఒక్కడికీ
ఈమెతో మాట్లాడే భాష రాదు.

"పట్టింది" అన్నాను.
"గుండె చుట్టూ. సూదితో తీస్తారు. ఒంగోలు పోవాల."

"తీస్తే పలుకుద్దా?"

వార్డు సిస్టరుకి అప్పజెప్పి
నూట ఎనిమిదిలో నేనూ ఎక్కాను.
పొదిలి దాటేదాకా ఆ మణికట్టు వదల్లేదు.
పీల్చినప్పుడు లేదు.
వదిలినప్పుడు ఉంది.
లేదు.
ఉంది.

చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీ అడ్డం.
అప్పుడు చూశాను,
నాగూర్బీ కళ్లు మూసుకునే
రెండో చేత్తో, చూపుడువేలు మడిచి
అంబులెన్సు గోడను తడుతోంది,
కాస్త పైన, కాస్త కింద,
చెవి అటు ఒగ్గి.

"ఇది ఒట్టి డొల్ల రేకమ్మా" అంది.

డ్రైవరును హారన్ కొట్టమన్నాను.