మెట్ల కింది బల్ల

మా ఆఫీసుకు ఇరవై రెండు మెట్లు.
పదకొండు ఎక్కినంక ఒక మలుపు,
మలుపుల గోడకు ఫ్రేము కట్టిన కాగితం:
"అందరికీ సమాన అవకాశం."
అక్కడ ఆగి దమ్ము తీసుకుంట.
తొమ్మిదేండ్లల్ల ఆ కాగితాన్ని
నా అంత మంచిగ చదివినోళ్ళు లేరు.
అవకాశంల 'వ' కింద ఈగ ఒకటి సచ్చి అంటుకున్నది,
అది గూడ నాకు ఎరుకే.

నా పేరు అండాలు.
నల్లగొండ నీళ్ళ పరీక్ష ల్యాబుల అసిస్టెంటును.
చండూరు దిక్కు బోరు నీళ్ళు తాగి పెరిగిన.
ఏడేండ్లకు మోకాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకున్నయి,
పదహారేండ్లకు మెడ తిరుగుడు బందయ్యింది.
పక్క నుంచి ఎవరన్న పిలిస్తే
మనిషికి మనిషినే తిరగాలె, తలుపు తిరిగినట్టు.

వంచిన నీళ్ళే నౌకరి ఇచ్చినయని
కొలువుల చేరిననాడు ఒక సారు నవ్విండు.
నవ్వనీ. పరీక్ష రాసింది నేను.
"కోటాల వచ్చింది" అన్న మాట మాత్రం
నాకన్న ముందే మెట్లెక్కి
నా కుర్చీల కూసున్నది.

ర్యాంపు ఉన్నది. లేదని అనను.
పైనుంచి తనిఖీకి వస్తున్నరంటే
నాలుగు రోజులల్ల సిమెంటు పోసి
రిబ్బను కత్తిరించి ఫొటోలు దిగిన్రు.
అది వరండా దాకా ఎక్కుతది.
వరండా నుంచి మళ్ళ అవే మెట్లు.
ఇప్పుడు దాని మీద ఈఈ సారు బండి నిలబడతది,
ఆదివారం వాచ్‌మన్ భార్య మిరపకాయలు ఎండబోస్తది.

లిఫ్టుకు గుంత తవ్వినంక బిల్లు ఆగింది.
గుంత నిండ ఖాళీ సీసాలు, విరిగిన బల్లలు.
ల్యాబు కిందికి మార్చుండ్రని దరఖాస్తు పెట్టిన.
"ఫైలు పైన ఉన్నది" అన్నరు.
పైకి పోయి అడిగిన.
"కిందికి పంపినం" అన్నరు.
ఫైలుకు మోకాళ్ళ నొప్పి లేదు.

పరీక్ష ఎట్ల చేస్తనో చెప్త:
నీళ్ళల్ల ఎర్రమందు కలుపుత.
మంచి నీళ్ళైతే ఎరుపు నిలబడతది.
ఫ్లోరైడు ఎంతుంటే అంత వెలిసిపోతది.
వెలిసిన రంగుకు ఒక అంకె, రిజిస్టర్ల రాస్త.
నాకూ ఒక అంకె ఉన్నది,
సదరం కాగితం మీద, అరవై ఎనిమిది శాతం.
క్యాంపుకు పోయిన ప్రతిసారి డాక్టరు అడుగుతడు,
"ఏమన్న తగ్గిందా?"
బొక్కలను అడగాలె సారూ.

మొన్న ఆషాఢం వానకు మెట్లు పాకురు పట్టినయి.
ఆరో మెట్టు కాడ ఆగిన.
ఇగ ఎక్కలే.
దిగొచ్చి మెట్ల కింద, జల్లు కొట్టని జాగల,
గుంతలకెల్లి ఒక బల్ల తీయించి
లేని కాలు కింద ఇటుకలు పెట్టించి కూసున్న.
అటెండరు ముస్తాక్ ఏమి మాట్లాడకుంట
పైకి పోయి మందు సీసాలు, రిజిస్టరు తెచ్చిండు.
మళ్ళ పోయి నా కుర్చీ తెచ్చిండు.

మెమో వచ్చింది. జవాబు రాసిన:
"విధుల్లోనే ఉన్నాను. కింద ఉన్నాను."

అప్పుడు ఎరుకైంది ఒక సంగతి.
తొమ్మిదేండ్లు నాకు సీసాలే వచ్చినయి,
మెడకు చీటీ కట్టుకొని, ఊరి పేరు, బోరు నంబరు.
తెచ్చినోళ్ళు ఎన్నడు పైకి రాలే.
రాలేక, కింది మెట్టు మీద పెట్టి పోయేటోళ్ళట.
ఇప్పుడు సీసా ఎంబడి మనిషి వస్తున్నడు.

నిన్న మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి.
నడుము నాకన్న ఎక్కువ వంగింది,
నిలబడితే ఆయనకు నేల తప్ప కనబడదు.
మూడో మెట్టు మీద కూసుంటే
మా కండ్లు సమానంగ వచ్చినయి.

ఎర్రమందు పోసిన. ఇద్దరం చూస్తున్నం.
"ఏమంటున్నయి బిడ్డా, మా నీళ్ళు?"
రంగు ఇంక వెలుస్తనే ఉన్నది.
"జర ఆగు పెద్దయ్యా" అన్న.

పైనుంచి ఎవరో నన్ను పిలుస్తున్నరు.
మెడ తిప్పలేను.
తిప్పబుద్ధి గూడ కాలే.