మూడో బురుజు దగ్గర

ఉదయగిరి బస్టాండులో ఐదున్నరకే టీ తాగేశాం.
దుర్గం కింద నిలబెట్టి
శ్రీహర్ష మమ్మల్ని మూడు జట్లు చేశాడు:
తాళ్ళు పట్టేవాళ్ళు, మెట్లెక్కేవాళ్ళు,
మిగతావాళ్ళు.

మిగతావాళ్ళం నలుగురం.
నేను, నా కుడి మోకాలు,
కావలి పోస్టుమాస్టరు మాల్యాద్రి గారు,
ఆయన గొడుగు.

దారి చూపడానికి గౌసియా.
చెక్క గరిటెలు చెక్కే చేతులు,
కాళ్ళకి హవాయి చెప్పులు.
మాకు ఆయాసం వచ్చిన చోటల్లా
ఆమెకే ఏదో పని గుర్తొచ్చేది.
కొమ్మ వంచి చూసేది,
బెరడు గోటితో గీకి వాసన పట్టేది.
"నర్ది సార్ ఇది. గరిటె కావాలంటే
ఇంకా రెండేళ్ళు ఆగాల."
మాకు ఊపిరి అందేదాకా
ఆ చెట్టుని వదిలేది కాదు.

పైన తాళ్ళవాళ్ళ కేకలు,
బండ మీద ఇనుప కొక్కేల చప్పుడు.

మూడో బురుజు దగ్గర మాల్యాద్రి గారు కూలబడ్డారు.
"నా బట్వాడా ఇక్కడిదాకానే."
ఎవరం నవ్వలేదు.
కాసేపాగి ఆయనే నవ్వారు.
పగిలిన సీతాఫలం ఒకటి
ముగ్గురం పంచుకున్నాం.

దిగొచ్చాక శ్రీహర్ష అడిగాడు,
ఎందాకా ఎక్కారని.
నేను జేబులో గింజలు తడుముకుంటున్నా.
"ఆ చెట్టు పేరు మళ్ళీ చెప్పమ్మా,"
అంటున్నారు మాల్యాద్రి గారు,
గొడుగు ఆమె వైపు వంచి.