రెండో క్లారినెట్టు

మూఢం వచ్చింది.
పెళ్లిళ్లు లేవు, కాలవలు కట్టేశారు.
ఎర్రకోటు చిలక్కొయ్యకి, క్లారినెట్టు పెట్టెలోకి.
తాటిపాకలో ఇప్పుడు నాకంటే ఖాళీగా ఉన్నది
కాలవొక్కటే.

ఇరవై రెండేళ్లుగా బ్యాండులో రెండో వరస.
ఎడంపక్క డోలు, వెనక జనరేటరు,
ముందు అబ్బులుగారి మొదటి క్లారినెట్టు.
పాట ఆయనది.
ఆయన గుక్క తిప్పుకునే సందు నాది.
చెవులు తారాజువ్వలకి సగం ఇచ్చేశాను,
మిగిలిన సగం జాగ్రత్తగా వాడుకుందామని

రాజమండ్రిలో స్టూడియో మూసేస్తూ ఒకాయన
పాత బాకీ కింద ఇచ్చిన హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాను.
మూడొందల ఓములట.
ఫోనుకి తగిలిస్తే పాట
వానాకాలం అప్పడంలా వచ్చింది.
"దున్నపోతుకి దూడమేత వేస్తే ఎలాగయ్యా?"
అన్నాడు పాలకొల్లు గట్టెం దైవసహాయం,
రేడియోల నాటి మెకానిక్కు.
"దీనికి వేరే పెట్టె కావాలి. ఆంప్లిఫయరు.
నీ ఒక్కడికే."

నవ్వొచ్చింది.
ఆంప్లిఫయరంటే నాకు తెలిసింది ట్రాక్టరెక్కేది,
నాలుగు బాకాలతో మూడూళ్లని నిద్ర లేపేది.
ఒక్కడి కోసం ఆంప్లిఫయరా!
దండోరా వేసి చెవిలో చెప్పినట్టు.

బల్లమీద మూడు పెట్టాడు.
ఒకదానికి గాజు వాల్వులు,
పొద్దుగూకేటప్పటి లంకలా వెలుగుతూ.
అన్నం మానేసి చూస్తూ కూర్చోవచ్చు.
ఒకదానికి దీపాలే దీపాలు, తీర్థంలో రంగులరాట్నం.
మూడోది నల్లరేకు డబ్బా, ఒక్కటే మీట,
మిల్లుకి తీసుకెళ్లే క్యారేజీ అంత.

పాట పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఏం పెట్టకుండా మీట ఆ చివరికి తిప్పు.
ఏమీ లేనప్పుడు అదేమంటుందో విను."

వాల్వులది బెల్లం కొట్లో కందిరీగ.
దీపాలది ఇసక జల్లించింది.
నల్లడబ్బా
ఏమీ అనలేదు.
ఇది ఆన్‌లోనే ఉందా, అనడిగాను.
"అదే కొనుక్కో" అన్నాడు.

మాఘమాసం మొత్తం ఆ డబ్బాలోకి వెళ్లింది.
మంగతాయారు చేత్తో ఎత్తి చూసి
"చెవిలో పెట్టుకునేదానికి ఇంత బరువెందుకూ?" అంది.
నాకూ తెలీదు. తను కొబ్బరి కోరుకుంటూ కూర్చుంది.

మొదటి రాత్రి గురక.
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటే
ఊరి కరెంటంతా వణుకుతుంది కదా, డబ్బా కూడా వణికింది.
పెరట్లో ఎర్తుగుంటలో రెండు బిందెలు పోసింది, తనే.
గురకాగింది.
నీళ్ల నేల మాది, ఏ గొణుగుడైనా ఇంకించుకుంటుంది.

రాత్రి పదకొండు.
పాత క్యాసెట్టులోంచి ఫోనులోకి ఎక్కించుకున్నది,
మలికిపురంలో ఎవరిదో పెళ్లి,
నేను క్లారినెట్టు పట్టకముందు సంగతి.
వందసార్లు విన్నాను.
ఇవాళ రీడు మీద తడి వినబడింది.
డోలు తోలుకి ఉంగరం తగిలిన టిక్కు.
ఎక్కడో దూరంగా, "విస్తళ్లు వెయ్యండ్రా" అని ఎవరో.
ఆ తర్వాత ఎడం చెవికి కాస్త వెనగ్గా

రెండో క్లారినెట్టు.

ఉన్నాడు. ఇన్నాళ్లూ ఉన్నాడు.
చరణం రెండోసారి తిరిగేచోట ఒక మెట్టు జారాడు,
జారి, ఎవరూ చూడకముందే
అది గమకమే అన్నట్టు పైమెట్టుకి లాక్కున్నాడు.
పెళ్లివారు వినలేదు.
పక్కనున్న మొదటాయనా వినలేదు.

వెనక్కి తిప్పి పెట్టాను. మళ్లీ తిప్పాను.
ఆ జారుడు నాకు తెలుసు.
వరసగా మూడో రాత్రి ఊరేగింపు, కింద పెదవి పగిలి,
ఇంకా మనకి అన్నం పెట్టనప్పుడు
జారేది సరిగ్గా అక్కడే.

మీట ఇంకొంచెం తిప్పాను.
పాట కోసం కాదు.
అన్నా, విన్నాను, అని చెప్పడానికి
ఇంకో దారి లేక.

మంగతాయారు లేచొచ్చింది.
"అర్ధరాత్రి ఏం వింటున్నావు?"
హెడ్‌ఫోన్లు తీసి తన తలకి పెట్టాను.
కళ్లు మూసుకుని చాలాసేపు వింది.

"మొదటాయన," అంది, "భలే వాయిస్తున్నాడు."

అవును, అన్నాను.