ఏ పద్దు కింద

పాలిషింగ్ షెడ్డు పక్కన గది నాది.
చీమకుర్తి దుమ్ము లెడ్జరు మీద కూడా వాలుతుంది.
రోజుకు రెండుసార్లు తుడుస్తాను.
రాయి నలుపే గాని
గుడ్డకంటేది బూడిద.

ఐదోనాడు చెంచులమ్మ వచ్చింది.
మైలలో ఉండానయ్యా, లోపలికి రానంది.
కాగితాలు గడప మీద పరిచి
ఎగరకుండా ఒక రాతిముక్క పెట్టింది.
నేనే లేచి వెళ్లి
గడపకిటువైపు కూర్చున్నాను.

నెలకు ఎనిమిది వందలు, యాభై రెండు నెలలు.
నలభై ఒక్క వెయ్యి ఆరు వందలు.
జీతం చేతికి రాకముందే
పక్కకు తప్పుకున్న డబ్బు.
పన్ను కంటపడని డబ్బు.
అందులో రూపాయి కదల్లేదు.

చెప్పకపోలేదు నేను.
మాలకొండయ్యా, ఆ దగ్గేంది,
ఒంగోలు రిమ్స్‌కి పోయి చూపించుకో,
బిల్లు తెచ్చియ్యి, ఇప్పిస్తానని.
"ఇప్పుడే తీస్తే ఎట్టా సామీ,
రేపు పెద్దజబ్బొస్తేనో?"
ఆ దగ్గే పెద్దజబ్బని
మా ఇద్దరిలో ఎవరికి తెలియదు గనక.

నిధి నియమాల్లో పదకొండోది:
సభ్యుడి వైద్యానికి మాత్రమే.
మరి దేనికి తీసినా పన్ను,
పన్ను మీద జరిమానా.
పోతే, అన్న మాటే లేదు దాంట్లో.
రాసిన పెద్దమనిషి లోకంలో
మనుషులు జబ్బు పడతారు,
నయమై లేస్తారు, అంతే.

కాగితాలు చదివాను.
ఐసుపెట్టె, రెండు రాత్రులు.
(అన్నగారు సూళ్లూరుపేట నుంచి రావాలి గదా.)
వ్యాను. వెదుళ్లు, కొబ్బరితాడు.
డప్పులోళ్లకు. పూలకు.
మరమరాలు, చల్లను చిల్లర.
దూది.
గొయ్యి తవ్వినోళ్లకు ఇద్దరికి.
డీజిలు, పన్నెండు లీటర్లు.

"డీజిలేంటమ్మా?"
"రాతినేల గదయ్యా, గునపం దిగలా.
కంప్రెసర్ తెచ్చి కొట్టారు.
ఆయన తోలిందే.
బాడుగ వద్దన్నారు,
డీజిలు మటుకు పోయించమన్నారు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
లోపల రంపం రాయిని కోస్తోంది,
నీళ్లు పోస్తుంటే కోస్తోంది.

అప్పుడు నేను, ఇరవై రెండేళ్లుగా
పైసా తేడా రానివ్వని వాణ్ణి,
పెన్ను మూత తీసి
దొంగ గోడ తడిమినట్టు
పద్దులు తడిమాను.
దూది: వైద్యం.
కాలి బొటనవేళ్లు జతచేసి కట్టిన గుడ్డ:
కట్టుబట్ట. వైద్యమే.
వ్యాను ఆసుపత్రి నుంచి ఇంటికైతే వైద్యం,
ఇంటి నుంచి గుట్టకైతే కాదు.
ఎటునుంచి ఎటో బిల్లులో లేదు,
నేనూ అడగలేదు.
ఐసుపెట్టె దగ్గర చెయ్యి ఆగింది.
మందుల్నీ చల్లగానే ఉంచుతారు గదా
అనుకుని రాసేశాను.

డీజిలు మాత్రం
ఎటు తిప్పినా వైద్యం కాలేదు.
డప్పూ కాలేదు, పూలూ కాలేదు.

పదివేల ఆరువందల యాభై గట్టెక్కింది.
తతిమ్మాదానికి పన్నూ, జరిమానా.
ఏం తప్పు చేశాడని జరిమానా
అని అడుగుతుందేమోనని చూశాను.
అడగలేదు.

"పోతే పోనీయయ్యా.
ఆయన దాచింది ఆయనకే పెడతన్నా.
నాలుగేళ్లకి
మొన్న రాత్రి మా ఇంట్లో దగ్గు లేదు.
ఆ నిశ్శబ్దానికి
నాకే నిద్ర పట్టలా."

వేలిముద్ర మూడుసార్లు వేయించాను.
టంగుటూరు బేళ్ల దగ్గర
పొగాకు గ్రేడు చేసిన వేలు,
గీతలు అరిగిపోయి
కాగితం మీద నీలంచుక్క తప్ప ఏమీ పడదు.
మూడోది కాస్త మనిషిలా పడింది.

ఆమె వెళ్లాక చూస్తే
బరువుకు పెట్టిన రాతిముక్క అక్కడే ఉంది.
ఓ పక్కే నునుపు తేలింది.
వెలుతురుకు పెడితే
నలుపులో చుక్కలు.
ఏ ఊళ్లోనో ఎవరి పేరో చెక్కడానికి
పోవాల్సిన రాయి, అంచు విరిగి మిగిలింది.
ఇప్పుడు నా కాగితాల మీద ఉంటోంది.

మార్చిలో ఆడిటరు వస్తాడు.
ఐసుపెట్టె మీద వేలు పెట్టి
ఇది ఏ జబ్బుకండీ అంటాడు.
ఏదో ఒకటి చెప్పాలి.
ఇంకా నాలుగు నెలలుంది,
ఆలోచిస్తున్నాను.