కాలు లేచేదాకా

ఎల్క్ క్రీక్‌లో ఫైర్ స్టేషన్ వెనక గడ్డి నేల.
మొదటి ఏడు నేను గిటారుతో వెళ్తే
"ఒక గిటారు ఉంది కదమ్మా" అంది వెర్నా,
తిట్టినట్టు కాదు,
పొయ్యి మీద ఇప్పటికే ఒక గిన్నె ఉందన్నట్టు.
వెనక కూర్చున్నాను. పెట్టె మూత తియ్యలేదు.

అక్కడ నియమాలు ఎవరూ చెప్పరు.
పాట ఎత్తుకున్నవాడిదే పాట.
బాంజోకి శ్రుతి మార్చడం పెద్ద తతంగం గనుక
గంటన్నర ఒకే శ్రుతిలో కాపురం.
విడిగా మెరిసేవాళ్లుండరు. అందరూ అదే దారిన, మళ్లీ మళ్లీ,
పదోసారికి గాని పాట ఒంటికి పట్టదు.
చాలనుకున్నప్పుడు ఎత్తుకున్నవాడు కాలు లేపుతాడు.
అంతే.

ఆర్లిస్ స్టర్గిల్ కుడికాలు
బురదలోంచి గేదె మోర ఎత్తినట్టు లేచేది.
పదకొండేళ్లు ఆ బూటు చూసే ఆగాం.

మొన్న చలికాలం చక్కెర జబ్బు
దాన్ని మోకాలి పైదాకా పట్టుకుపోయింది.

శనివారం పోటీ. న్యాయనిర్ణేతలు ట్రైలర్‌లో, తెరల వెనక.
పేరు తెలియదు, ముఖం తెలియదు, వాళ్లకు అంకె ఒక్కటే.
కానీ చెక్క వేదిక మీద ఆ బూటు తాళం తెలియనిదెవరికి?
ఈసారి నలభై మూడో నంబరు చక్రాల కుర్చీలో వెళ్లింది.
వట్టి ఫిడేలు.
మూడో బహుమతి: ముప్పై డాలర్లు, తెల్ల రిబ్బను.
"ఇన్నాళ్లూ మొదటిది బూటుకిచ్చార్రా!"
అని ఆర్లిస్ నవ్వుతుంటే
ఫిడేలు కడుపులో దాచిన పాము గిలక కూడా గలగలమంది.

రాత్రి, ట్రక్కుల మధ్య,
"వంకర వాగు మేక" ఎత్తుకున్నాడు.
రెండో భాగంలో ఒక మాత్ర ఎక్కువ.
"అది లొయెల్ బాబాయిది, నాది కాదు" అని
ఎప్పటిలాగే ముందే చెప్పి.

పదిహేను చుట్లు. ఇరవై.
మా కళ్లు ఆయన ముఖం మీద లేవు,
కింద, బూటు ఉండాల్సిన చోట.
గడ్డి.
బాసు కుర్రాడి వేలి బొబ్బ పగిలింది.
వెర్నా పెదవి కొరుక్కుంది.
నోరు తెరిచి అడగొచ్చు. అడగలేదు.
లాంతరు వెలుగులో కమాను నుంచి గుగ్గిలం పొడి రాలుతూనే ఉంది.

అప్పుడు
పిన్నీసు పెట్టి మడిచిన పాంటు అంచు
ఒక్క అంగుళం కదిలింది.

ఆ చుట్టు ముగించి ఆగాం, అందరం ఒకేసారి.

కమాను వదులు చేస్తూ అన్నాడు ఆర్లిస్:
"ఏం మనుషులర్రా,
పదో చుట్టులోనే లేపాను కదా."