ఆటలో అరటిపండు

పుయెర్తో మోంత్‌లో వాన.
రేకుల మీద, పడవల మీద,
సాల్మన్ ఫ్యాక్టరీ బస్సు మీద.
నువ్వు దిగి పరిగెడుతుంటావు నెల్డా,
పగలంతా చేపముళ్లు పీకిన వేళ్లకి
ఇంకా తిమ్మిరి వదలదు.
రెండో డ్యూటీకి పదకొండు నిమిషాలే ఉంది.

ఆ డ్యూటీకి యూనిఫాం లేదు, జీతం లేదు,
హాజరుపట్టీ మాత్రం ఉంది.
కట్టెల పొయ్యి రాజేసి
హెడ్‌సెట్ తగిలించుకునేసరికి
రొసారియో నుంచి ఫబ్రీసియో గొంతు
పేర్లు పిలుస్తూ ఉంటుంది.
ఇరవైమందిమి. ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు నిరుద్యోగులు,
గోడౌన్‌కి కాపలా కాసే ముసలాయన.
పదిహేడో పేరు నాది, అతనికి ఎప్పుడూ నోరు తిరగదు.
"ఉన్నాను" అంటాం, బడిపిల్లల్లా.

నీ పని మందు వేయడం.
మంటల రాక్షసి చేతిలో
మూడు నెలల్లో నూట పద్నాలుగుసార్లు చచ్చాం.
ప్రతి చావుకీ లెక్కుంది:
ఏ సెకనులో, ఎవరి వేలు ఆలస్యమైందో.
ఆదివారం పట్టిక వస్తుంది.
ఎర్రగడిలో నీ పేరు.

ఫ్యాక్టరీలో జ్వరమంటే
సూపర్‌వైజర్ చెయ్యూపి పొమ్మంటాడు.
ఇక్కడ చెల్లెలి పెళ్లికి సెలవడిగితే
"భోజనాల్లోపు రాగలవా?" అన్నాడు ఫబ్రీసియో.
వచ్చావు.
జుట్టులో పువ్వు తీయకుండానే
తెల్లారేదాకా మమ్మల్ని బతికించావు.

ఎవరూ బలవంతపెట్టలేదు, అదీ తమాషా.
మానేస్తానని రెండుసార్లు రాసి చెరిపేశావట.
రాక్షసి మళ్లీ లేచే నాలుగు నిమిషాల విరామంలో
నువ్వే చెప్పావు.
"నువ్వు లేకపోతే మేం చస్తాం" అని
ఫ్యాక్టరీలో నీతో ఎవరన్నారు గనక.

శుక్రవారం నువ్వు పొయ్యి దగ్గరికెళ్లావు
బంగాళదుంపలు మాడుతున్నాయని.
ఆరేళ్ల ఎలిసేయో నీ కుర్చీ ఎక్కాడు.
కోట గుమ్మం ముందు మేం పంతొమ్మిది మందిమి.
వైద్యురాలు లేదు!
ఏటి ఒడ్డున, వెదురు టోపీ పెట్టుకుని
ఒక కప్ప ఎదురుగా గంతులేస్తోంది.
మూడేళ్లుగా ఆ ఏరు దాటుతున్నావు,
అక్కడ కప్పలుంటాయని నీకు తెలీదు.

నెల్డా, మా వైపు
ఇంకా ఆట రాని చంటివాడు
నేనూ వస్తానని ఏడిస్తే
"సరే, వీడు ఆటలో అరటిపండు" అంటారు.
దొరికినా దొంగ కాడు, పడినా ఔటు కాడు,
అందరితో పాటు ఊరికే పరిగెడతాడు.
అలాంటి ఖాళీ ఏదైనా ఉందేమో
ఫబ్రీసియోని అడుగుదామా ఇద్దరం?

"నెల్డా! ఎక్కడున్నావ్?"
బల్ల మీద హెడ్‌సెట్ చీమంత గొంతుతో అరుస్తోంది.
నువ్వు గరిటె పట్టుకునే
"మళ్లీ దూకించరా" అన్నావు పిల్లాడితో,
మాకందరికీ వినబడింది.

మూడు నిమిషాల తర్వాత
"ఉన్నాను" అన్నావు.
ఎక్కడో మాత్రం చెప్పలేదు.